కలిపిన మందు, రాసిన లెక్క

కంపెనీలో తయారైన మందు తన పుట్టుపూర్వోత్తరాలను డబ్బా మీదే మోసుకొస్తుంది. ఏ బ్యాచ్, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎప్పటిదాకా వాడొచ్చు, అన్నీ అచ్చులో ఉంటాయి. ఫార్మసీ బల్ల మీద కలిపిన మందుకు ఆ వసతి లేదు. ఒక చంటిబిడ్డ కోసం మాత్రలు కల్వంలో నూరి, సిరప్‌లో కలిపి, సీసాలో పోసి ఇచ్చాక దాని చరిత్రలో మిగిలేది కలిపిన మనిషి రాసి పెట్టినంత మేరకే.

ఈ వ్యాసం పరిధిలోకి వచ్చేవి క్రిమిరహితంగా ఉండనక్కర్లేని మందులు. తాగే సస్పెన్షన్లు, చర్మానికి రాసే ఆయింట్‌మెంట్లు, క్యాప్సూళ్లు, పొడి పొట్లాలు, సపోజిటరీలు ఈ కోవవి. ఇంజెక్షన్లు, కంటిచుక్కల తయారీకి నియమాలు వేరు, ప్రమాదాలు వేరు. మాత్ర మింగలేని పసివాళ్లకు, ముక్కులో గొట్టం ద్వారా మందు అందుకునే రోగులకు, మార్కెట్లో దొరికే మోతాదు సరిపడనివాళ్లకు ఇలా కలిపిన మందే దిక్కు. కాబట్టి ఈ పని పోదు. దీనికి రికార్డు అవసరమా అని కూడా ఎవరూ వాదించడం లేదు. ఏం రాయాలి, ఎంత రాయాలి, ఎప్పుడు రాయాలి, ఎన్నాళ్లు దాచాలి అన్న నాలుగు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని చర్చ ముడి పడింది. ఇందులో ‘ఎంత’ అన్నదాని మీద జరిగిన వాదన ఎక్కువ, ‘ఎప్పుడు’ అన్నదాని మీద తక్కువ. నిజానికి ప్రాణం మీదికి వచ్చేది ఆ రెండోదానితోనే.

చీటీల పుస్తకం చాలని రోజులు

ఒకప్పుడు మందుల దుకాణానికి రికార్డు అంటే డాక్టరు చీటీని వరుస నంబరుతో పుస్తకంలో ఎక్కించుకోవడమే. ఎవరికి ఇచ్చాం అన్నది తెలిస్తే చాలనుకున్నారు. ఆ కాస్త రాతకు ఎంత విలువ ఉందో 1937లో అమెరికాలో బయటపడింది. టెనెసీ రాష్ట్రంలోని మాసెంగిల్ కంపెనీ సల్ఫనిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి ఎలిక్సిర్‌గా అమ్మింది. అది మూత్రపిండాలను చంపే విషం. వందమందికి పైగా చనిపోయారు. తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు వెనక్కి రాబట్టారు. వాళ్ల చేతిలో ఉన్న ఆధారాలల్లా అమ్మకం చీటీలు, ప్రిస్క్రిప్షన్లు. వాటిని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. పేరు రాయకుండా అమ్మినచోట మాత్రం ఊళ్లో ఎవరిని అడగాలో కూడా తెలియని స్థితి. 1938లో వచ్చిన అమెరికా ఆహార, ఔషధ చట్టానికి ఈ దుర్ఘటనే కారణం.

అదే విషం మన దేశంలోనూ పదేపదే తిరిగొచ్చింది. 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో కలుషితమైన గ్లిజరిన్ వల్ల 14 మంది చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపింది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పిల్లల మరణాల్లోనూ డైఇథిలీన్ గ్లైకాలే. ఇవి కలిపే ఫార్మసీల్లో జరిగినవి కావు, కానీ గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ ఫార్మసిస్టు రోజూ చేయి పెట్టే జాడీలే. రేపు ఒక జాడీ మీద అనుమానం వస్తే, అందులోంచి తీసిన ద్రవం ఏయే సీసాల్లోకి వెళ్లిందో చెప్పగలగాలి. చీటీల పుస్తకం మందు ఎవరి దగ్గరికి వెళ్లిందో చెబుతుంది గాని ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. రెండో దిక్కు కూడా రాసి తీరాలన్న ఆలోచనకు కారణం ఇదే.

కలిపే బల్ల మీదే జరిగిన తప్పులు ఆ ఆలోచనను మరింత గట్టి చేశాయి. 1998లో ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో కడుపునొప్పికి కలిపిన పెప్పర్‌మింట్ వాటర్ తాగి ఒక పసిబిడ్డ చనిపోయింది. డబుల్ స్ట్రెంత్ క్లోరోఫామ్ వాటర్ వేయాల్సిన చోట గాఢ క్లోరోఫామ్ వాటర్ పడింది. రెండింటి మధ్య తేడా ఇరవై రెట్లు. 2001లో పీడియాట్రిక్స్ పత్రిక ఒక కేసును ప్రచురించింది: అయిదేళ్ల పిల్లవాడికి కలిపిన క్లోనిడిన్ మందులో వెయ్యి రెట్ల మోతాదు. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ మధ్య ఉన్న దూరం సరిగ్గా అంతే. 2016లో కెనడాలోని ఆంటారియోలో నిద్ర సమస్యకు ట్రిప్టోఫాన్ సస్పెన్షన్ వాడుతున్న ఎనిమిదేళ్ల బాలుడు చనిపోతే, సీసాలో ఉన్నది బాక్లోఫెన్ అని తేలింది. మూడు కేసుల్లోనూ డాక్టరు రాసిన చీటీలో తప్పు లేదు. తప్పు చీటీకీ సీసాకీ మధ్య జరిగింది. పాత పద్ధతిలో ఆ మధ్యభాగం కాగితం మీద ఎక్కడా ఉండదు.

రెండు కాగితాల పద్ధతి

ఇప్పుడు ఎక్కువగా చర్చకు వస్తున్నది అమెరికా ఫార్మకోపియా 795వ అధ్యాయం. 2022 నవంబరులో ప్రచురించిన సవరణ 2023 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి మందుకూ రెండు పత్రాలు ఉండాలన్నది దీని పునాది. మొదటిది మాస్టర్ ఫార్ములేషన్ రికార్డు. వంటకు తయారీ విధానం ఎలాగో మందుకు ఇది అలాంటిది. మందు పేరు, బలం, పదార్థాలు, పాళ్లు, లెక్కలు, వాడాల్సిన పరికరాలు, కలిపే వరుస, చివరికి మందు చూడ్డానికి ఎలా ఉండాలి, ఏ సీసాలో పోయాలి, ఎన్నాళ్లు నిలుస్తుంది, అలా నిలుస్తుందనడానికి ఆధారం ఏమిటి, అన్నీ ముందే రాసి ఉంచాలి. రెండోది కాంపౌండింగ్ రికార్డు. ఆ రోజు, ఆ సీసాకు నిజంగా ఏం జరిగిందో చెప్పే పత్రం ఇది. ప్రతి పదార్థం ఏ కంపెనీది, లాట్ నంబరు ఎంత, గడువు ఎప్పుడు, ఎంత తూచారు, ఎవరు కలిపారు, ఎవరు సరిచూశారు, పరీక్షలో ఏం కనిపించింది అన్నవి ఇందులోకి వస్తాయి.

ఈ విభజనలో ఉన్న బలం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. అమ్లోడిపిన్ మందును మాత్రల నుంచి కాక పొడి నుంచి కలుపుతున్నామనుకుందాం. జాడీలో ఉండేది అమ్లోడిపిన్ బెసిలేట్ అనే లవణం. 5 మి.గ్రా. అమ్లోడిపిన్ కావాలంటే దాదాపు 6.93 మి.గ్రా. బెసిలేట్ తూచాలి. ఈ సంగతి కలిపే మనిషి జ్ఞాపకానికి వదిలితే ఒకరు వేసే లెక్క, మరొకరు మరిచే లెక్క అవుతుంది. ఫార్ములా పత్రంలో ఒకసారి ప్రశాంతంగా కూర్చుని రాసి, ఇంకొకరు సరిచూసి పెడితే, రద్దీ వేళ ఎవరు తూచినా ఆ అంకె ఎదురుగా ఉంటుంది. అంకె తారుమారైతే రెండో పత్రం పట్టుకుంటుంది.

విమర్శ కూడా గట్టిదే. నెలకోసారి కూడా రాని మందుకు అంత పత్రం తయారు చేయడం చిన్న దుకాణానికి భారం. అందుకని చాలామంది ఫార్ములాలను సాఫ్ట్‌వేర్ సంస్థల నుంచో, ముడిపదార్థాలు అమ్మేవారి నుంచో తెచ్చుకుంటారు. అచ్చుపోసిన పత్రం వచ్చేస్తుంది కాని దాన్ని తమ జాడీలకు, తమ త్రాసుకు, తమ పనిపద్ధతికి సరిపోల్చుకునే ఆలోచన రాదు. ఈ విమర్శలో నిజం ఉంది. తెచ్చుకున్న ఫార్ములాను చదివి, సరిచూసి, ఒప్పుకున్నానని ఒక ఫార్మసిస్టు సంతకం చేయని చోట మొదటి పత్రం అలంకారమే.

ఆలోచనకు కూడా రికార్డు

జర్మనీ దారి వేరు. 2012లో సవరించిన అక్కడి ఫార్మసీ నిర్వహణ నియమాలు, కలపడానికి ముందే చీటీ సబబుగా ఉందా లేదా అని పరిశీలించి, ఆ పరిశీలనను రాసి పెట్టమంటాయి. మోతాదు సరైనదేనా, వాడే పద్ధతికి తగినదేనా, పదార్థాలు ఒకదానితో ఒకటి పొసగుతాయా, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నవి చూడాలి. ఆ తర్వాత రాతపూర్వక తయారీ సూచన, తయారీ పట్టిక, విడుదల సంతకం. ఒక్కో సీసాను ప్రయోగశాలలో పరీక్షించడం సాధ్యం కాదు. కాబట్టి తయారీ పద్ధతే నాణ్యతకు హామీ ఇవ్వాలి, ఆ హామీకి రుజువు కాగితమే అన్నది వారి తర్కం.

కెనడా జాతీయ ఫార్మసీ నియంత్రణ సంస్థల సమాఖ్య 2018లో ఇచ్చిన ప్రమాణాలు, యూరప్ మండలి 2016 తీర్మానం ఈ దారినే మరోవైపు విస్తరించాయి. ప్రమాదం ఎంతో ముందు అంచనా వేయాలి, దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేయాలి. కెనడా పత్రం ఎ, బి, సి అని మూడు స్థాయిలు పెట్టింది. రెండు క్రీములు కలపడానికీ, హార్మోను పొడి తూచడానికీ ఒకే గది, ఒకే జాగ్రత్త ఎందుకన్నది ఇక్కడి ప్రశ్న. వినడానికి న్యాయంగా ఉంది. అయితే ప్రమాదాన్ని అంచనా వేసేది కలిపేవాళ్లే అయినప్పుడు, పని ఎక్కువైన రోజు ప్రతి మందూ ‘సాధారణం’ గానే కనిపిస్తుంది. పెప్పర్‌మింట్ వాటర్‌ను ప్రమాదకరమైన మందుగా ఎవరు లెక్కగట్టి ఉంటారు?

పక్కపక్కన పెడితే

అమెరికా పద్ధతి సీసా చుట్టూ తిరుగుతుంది, జర్మనీ పద్ధతి చీటీ దగ్గరే ఆగి ఆలోచిస్తుంది, కెనడా పద్ధతి పని స్వభావాన్ని తూకం వేస్తుంది. వెయ్యి రెట్ల క్లోనిడిన్ లాంటి లెక్క తప్పును పట్టడంలో ముందుగానే లెక్క వేసి సరిచూసే మొదటి రెండు పద్ధతులూ సమానం. పొసగని పదార్థాలను ఒకే డబ్బాలో కలపమని రాసిన చర్మరోగాల చీటీని ఆపడంలో జర్మనీ పద్ధతి మెరుగు. ఒక జాడీ తప్పు అని తెలిశాక సీసాలన్నీ వెతికి తేవడంలో అమెరికా పద్ధతి ముందుంటుంది, ఎందుకంటే ప్రతి పదార్థం లాట్ నంబరూ కాగితం మీద ఉంటుంది. కెనడా పద్ధతిలో లాభం చిన్న ఫార్మసీలకు ఊపిరి ఆడటం, నష్టం పైన చెప్పిన అంచనా బలహీనత.

ఎన్నాళ్లు దాచాలన్న విషయంలో తేడాలు ఉన్నాయి గాని చర్చ అంత లోతుగా లేదు. 795వ అధ్యాయం కనీసం మూడేళ్లు అంటుంది, స్థానిక చట్టం ఎక్కువ అడిగితే అంతకాలం. జర్మనీ నియమం గడువు ముగిశాక ఏడాది, ఏమైనా అయిదేళ్లకు తక్కువ కాకుండా అంటుంది. దాచే కాలాన్ని మందు గడువుతో ముడిపెట్టడం తెలివైన పద్ధతి.

వాడుక గడువు గొడవ

రికార్డుల చర్చలో ఎక్కువ వేడి పుట్టించింది ఒక్క గడి: ఎన్నాళ్లు వాడొచ్చు. 795వ అధ్యాయం కొత్త సవరణ మొదట 2019 జూన్‌లో వచ్చింది. అందులోని వాడుక గడువుల మీద ఫార్మసిస్టులు అప్పీలు చేశారు. 2020 మార్చిలో అప్పీళ్ల కమిటీ వారి మాట విని, అధ్యాయాన్ని తిరిగి నిపుణుల బృందానికి పంపింది. మూడేళ్లకు పైగా నడిచిన ఈ తగువు చివరికి తేల్చింది ఇది. నీళ్లుండి ప్రిజర్వేటివ్ లేని మందుకు ఫ్రిజ్‌లో 14 రోజులు. ప్రిజర్వేటివ్ ఉన్న నీళ్ల మందుకు 35 రోజులు. నీళ్లు లేని తాగే మందుకు 90 రోజులు. నీళ్లు లేని తక్కిన రూపాలకు 180 రోజులు. నీళ్లున్నట్టా లేనట్టా అన్నది వాటర్ యాక్టివిటీ అనే కొలతతో, 0.60 దగ్గర గీత గీసి నిర్ణయిస్తారు. తగిన స్థిరత్వ అధ్యయనం ఉంటే ఈ గడువును పెంచుకోవచ్చు, 180 రోజులు దాటకుండా.

ఆ ‘తగిన అధ్యయనం’ ఏమిటో ఫార్ములా పత్రంలో రాయాలన్న షరతు నాకు ఈ మొత్తం సవరణలో విలువైన వాక్యంగా కనిపిస్తుంది. పాత అలవాటులో గడువు ఒక అంకె మాత్రమే; అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే వీలు లేదు. ఇప్పుడు అడగొచ్చు. ఒక అధ్యయనం గాజు సీసాలో, ఒక కంపెనీ మాత్రతో, ఫ్రిజ్‌లో చేసి ఉండొచ్చు. దాన్నే చూపించి ప్లాస్టిక్ సీసాకు, వేరే కంపెనీ మాత్రకు, గది వేడిలో నిల్వకు అదే గడువు వేస్తే కాగితమే ఆ తేడాను బయటపెడుతుంది. అయితే ఎంత పోలిక ఉంటే ఆ అధ్యయనం తమ మందుకు వర్తిస్తుందన్నది ఇంకా తేలలేదు. కఠినంగా చూసేవారు ఒక్క పదార్థం మారినా కుదరదంటారు. అలాగైతే పిల్లల వార్డుల్లో సగం మందులు రెండు వారాలకోసారి మళ్లీ కలపాలి, దూరపు ఊళ్ల తల్లిదండ్రులు అన్నిసార్లూ తిరగాలి అన్నది రెండో పక్షం. రోగి వైపు నుంచి చూస్తే రెండింటిలోనూ ప్రమాదం ఉంది.

దీని పక్కనే ఇంకో చిన్న తగువు. కంపెనీ సిరప్‌లో పిల్లల కోసం రుచినిచ్చే ద్రవం కలిపితే అది కాంపౌండింగా? అవునంటే అన్ని కాగితాలూ రాయాలి. కాదంటే ఏమీ అక్కర్లేదు. ఫార్మకోపియా అవునంది, దుకాణదారుల సంఘాలు భారం అన్నాయి. దీని మీద ఖర్చయిన సిరాలో కొంత జాడీల గుర్తింపు మీద ఖర్చయి ఉంటే బాగుండేది.

కలం ఎప్పుడు కదలాలి

అన్ని పద్ధతుల్లోనూ అడగకుండా మిగిలిపోయే ప్రశ్న ఇదే. లాట్ నంబరు గడిని ఎప్పుడు నింపారు? జాడీ చేతిలో ఉండగా దాని మీద చూసి రాస్తే, తప్పు జాడీ తీసిన మనిషికి ఆ తప్పు తెలిసే ఆఖరి అవకాశం అది. ట్రిప్టోఫాన్ గడిలో రాయడానికి నంబరు వెతికే కన్ను బాక్లోఫెన్ అన్న పేరు మీద పడుతుంది. అదే గడిని సాయంత్రం దుకాణం కట్టేముందు, నిన్నటి పట్టికలోంచి ఎత్తిరాస్తే కాగితం నిండుతుంది, తనిఖీకి నిలుస్తుంది, తప్పు మాత్రం సీసాలోనే ఉండిపోతుంది. రెండు కాగితాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పని వెంట రాసినది కాపలా కాస్తుంది. తర్వాత రాసినది సాక్ష్యం మాత్రమే చెబుతుంది, అదీ నమ్మలేని సాక్ష్యం.

ఎదురువాదాన్ని తేలిగ్గా తీసేయలేం. చేతులకు గ్లవ్స్, వాటి మీద పొడి, మధ్యలో కలం పట్టుకుంటే కాగితానికీ మందుకీ రెండింటికీ చెరుపు. తూకం మధ్యలో రాయడానికి ఆగితే లెక్క తప్పే ప్రమాదమూ ఉంది. అందుకే కొన్నిచోట్ల ఒకరు తూచి పలికితే ఇంకొకరు రాస్తారు. కొన్నిచోట్ల పట్టికలో పేర్లు ముందే అచ్చు వేసి, నంబర్లకు, బరువులకు మాత్రం ఖాళీలు వదులుతారు. త్రాసు నుంచే బరువు అచ్చయి వచ్చే చీటీని పట్టికకు అంటించడం ఇంకో ఉపాయం. ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ.

కంప్యూటర్ పక్షం వారు ఈ చిక్కుకు బార్‌కోడే మందంటారు. జాడీని స్కాన్ చేయనిదే తర్వాతి మెట్టు తెరుచుకోదు, త్రాసు బరువును తానే నమోదు చేస్తుంది, ఏ నిమిషంలో ఏం జరిగిందో దాచలేరు. తప్పు జాడీని ఆపడంలో దీనికి సాటి లేదు. అయితే నలుగురు ఒకే లాగిన్‌తో పనిచేసే చోట ‘ఎవరు’ అన్న గడి అబద్ధమవుతుంది. పెద్ద జాడీ నుంచి చిన్న డబ్బాలోకి మార్చి పాత లేబుల్ అంటించిన చోట స్కానర్ మోసపోతుంది. కాగితం మీద తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టడం పాత మర్యాద. కింది అంకె చదవగలిగేలా ఉండాలి. తెర మీద ఆ పాత అంకె కనిపించేలా ఉంచని సాఫ్ట్‌వేర్ కాగితం కన్నా వెనకబడినట్టే.

సరిచూసే మనిషి సంతకం సంగతీ ఇంతే. నిండిన సీసాను, నిండిన పట్టికను మాత్రమే చూసి సంతకం చేసే ఫార్మసిస్టుకు తెల్లని ద్రవం తెల్లగానే కనిపిస్తుంది. వాడిన జాడీలు బల్ల మీద అలాగే ఉంచి చూపించాలా, ప్రతి తూకాన్నీ ఎదురుగా నిలబడి చూడాలా అన్నది ఫార్మసీకో తీరుగా నడుస్తోంది.

మన నియమాలు ఏమంటున్నాయి

మన దగ్గర ఈ పనికి చట్టంలో చోటు లేకపోలేదు. 1945 ఔషధ నియమాల్లో 65వది, కంపెనీ ప్యాకెట్‌లో ఉన్న మందుకు నగదు బిల్లు పుస్తకం చాలని ఒప్పుకుంటూనే, దుకాణంలో కలిపిన మందుకు ప్రిస్క్రిప్షన్ రిజిస్టరులో నమోదు అడుగుతుంది. వరుస నంబరు, తేదీ, డాక్టరు, రోగి, వేసిన పదార్థాలు, వాటి పరిమాణాలు, ఫార్మసిస్టు సంతకం అందులో ఉండాలి. ఆ వరుస నంబరే సీసా లేబుల్ మీదా ఉండాలి. ఎనభై ఏళ్ల క్రితం రాసిన నియమం సీసానూ పుస్తకాన్నీ ఒక దారంతో కట్టింది. ఇది మెచ్చుకోవాల్సిన ఏర్పాటు.

బోర్డు మీద పేరుకు కూడా ఆ నియమాల్లో అర్థం ఉంది. చీటీ ప్రకారం మందు కలిపే ఏర్పాటున్న చోటే ‘ఫార్మసీ’, ‘డిస్పెన్సింగ్ కెమిస్ట్’ అని రాసుకోవాలి. కలపనివారు ‘కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్’. కలిపే చోట ఉండాల్సిన త్రాసులు, కల్వాలు, కొలపాత్రల జాబితా షెడ్యూల్ ‘ఎన్’ లో ఉంది. తెలుగు ఊళ్లలో ‘కాంపౌండరు’ అన్న మాట ఇంకా బతికే ఉంది గాని, ఆ మాట పుట్టిన పని చాలా దుకాణాల్లో కనిపించదు. అది ఆస్పత్రుల్లో, చర్మవైద్యుల క్లినిక్‌ల పక్కన, పిల్లల వార్డుల్లో మాత్ర నూరి పొట్లాలు కట్టే చోట మిగిలింది. పొట్లం కట్టే నర్సుగారికి అది కాంపౌండింగ్ అని ఎవరూ చెప్పరు, అందుకని దాని లెక్కా ఎక్కడా ఉండదు. మాత్రను నాలుగు పొట్లాలు చేస్తే ఒక్కోదాంట్లో ఎంత ఉందో ఆ గది దాటాక ఎవరికీ తెలియదు.

దాచే కాలం దగ్గర మన నియమాల్లోనే రెండు అంకెలు ఉన్నాయి. 1945 నియమాలు రిజిస్టరును ఆఖరి నమోదు నుంచి రెండేళ్లు దాచమంటాయి. భారత ఫార్మసీ కౌన్సిల్ 2015లో తెచ్చిన వృత్తి నిబంధనలు రోగి ప్రిస్క్రిప్షన్ రికార్డులకు అయిదేళ్లు అంటాయి. మొదటిది లైసెన్సు ఉన్న దుకాణానికి, రెండోది రిజిస్టరైన ఫార్మసిస్టుకు వర్తించే మాట. ఒకే బల్ల దగ్గర ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడు పెద్ద అంకెనే పాటించడం క్షేమం.

ఇక తేలాల్సినవి. అమెరికాలో చీటీ ప్రకారం కలిపే ఫార్మసీలు దుష్ఫలితాలను ఫెడరల్ ఔషధ సంస్థకు తప్పనిసరిగా చెప్పనక్కర్లేదు; పెద్ద ఎత్తున కలిపే అవుట్‌సోర్సింగ్ కేంద్రాలు చెప్పాలి. దాంతో చిన్న ఫార్మసీల్లో జరిగే తప్పులు ఎన్నో లెక్కకు అందవు. ఏ గడి నింపితే ఏ తప్పు తగ్గిందన్న రుజువు కూడా అందుకే బలంగా లేదు. ఆంటారియో బాలుడి మరణం తర్వాత ఆ రాష్ట్రం ఫార్మసీల పొరపాట్లను పేర్లు లేకుండా నమోదు చేసే తప్పనిసరి పద్ధతి తెచ్చింది. ఇలాంటి చోట్ల నుంచే ఆ రుజువు రావాలి.

మన రిజిస్టరు విషయంలో ప్రశ్న ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. అది వేసిన పదార్థం పేరు అడుగుతుంది, పరిమాణం అడుగుతుంది. మందు కలిపింది దుకాణంలోనే అయితే, ఆ పదార్థం ఏ జాడీ నుంచి వచ్చిందో, ఏ పద్ధతిలో కలిపారో, ఎన్ని రోజులు వాడొచ్చో అడగదు. సీసా మీద నంబరు చూసి పుస్తకం దాకా వెళ్లొచ్చు. పుస్తకం నుంచి జాడీ దాకా వెళ్లడానికి ఇంకో గడి కావాలి.